కొత్తలంకలో వానవారం

ఫాల్గుణ శుద్ధ విదియ, సోమవారం

ఎండ పూర్తిగా ఉంది. వాన లేదు. జలాశయంలో ఇరవై ఏడు మెట్ల నీళ్లు. మా ఇంటి వాడకం తొమ్మిది బిందెలు.

రోజూ ఈ నాలుగు ముక్కలు రాసి పుస్తకం మూసేస్తాను. పాలకమండలి ప్రతి ఇంటికీ ఇచ్చిన ఈ పుస్తకంలో అంతకంటే రాయమని ఎవరూ అడగలేదు. మమ్మల్ని తెచ్చి ఈ కొత్తలంకలో దింపిన రోజు నుంచి పందొమ్మిదేళ్లుగా ఒక్క రోజూ మానకుండా రాస్తున్నాను. పేరుకు లంక. చుట్టూ ఎటు చూసినా రాళ్లే. అయినా నీళ్లు ఉన్నాయి, ఇల్లు ఉంది, పుస్తకంలో తప్పులు లేవు. ఇన్నాళ్లూ నాకు అది చాలు.

ఇవాళ నాలుగు ముక్కలతో సరిపోయేట్టు లేదు. పొద్దున నేను చారుకు పోపు పెడుతుంటే వంటింట్లో మాట్లాడే గోడ కేంద్రం పంపిన ఏడు రోజుల వాతావరణ ముందుచూపు చదివింది. "కొత్తలంక ప్రాంతానికి వానవారం. మంగళవారం సాయంత్రం నుంచి మబ్బులు. బుధవారం నుంచి భారీ వానలు. వారం మొత్తానికి నూట తొంభై మిల్లీమీటర్లు" అంది. గోడ గొంతు ఎప్పుడూ పెళ్లికి పిలవడానికి వచ్చిన వాళ్ల గొంతులా ఉంటుంది. ఏ కబురు చెప్పినా అంతే తీయగా చెబుతుంది.

ఫాల్గుణ మాసంలో నూట తొంభై మిల్లీమీటర్లు! పోపు మాడినా సరే అని అటక మీది పాత పుస్తకాలు దించి చూశాను. పందొమ్మిది ఫాల్గుణాల్లో వాన పడింది రెండు సార్లు. ఒకసారి పెరట్లో నేను పెట్టే ఇత్తడి గ్లాసు అడుగు తడిసింది. ఇంకోసారి వేలెడు నిండింది. అంతే.

మా అత్తగారు వియ్యమ్మ గారికి ఎనభై రెండేళ్లు. గోడ మాట ఆవిడ కూడా విన్నారు. "రేపట్నించి ఎండ ఉండదంట. నానిన పప్పు పాడైపోద్ది, వడియాలు ఇవాళే పెట్టేయ్" అన్నారు. గుమ్మడికాయ ముక్కలు రాత్రే ఉప్పు చల్లి మూట కట్టాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది. పిండి రుబ్బి మేడ ఎక్కాను.

మేడ మీద రోజంతా నీడ పడని చోటు నడిమధ్యే. ముందుచూపు కేంద్రం వాళ్లు పోయిన దసరాలకు వచ్చి ప్రతి ఇంటి మీదా బిగించిపోయిన గుల్ల కూడా అక్కడే ఉంది. నడుమెత్తు ఇనప గుంజ, దాని మీద నత్తగుల్ల ఆకారంలో తెల్లటి డబ్బా. గాలినీ తడినీ వెలుతురునీ చూసి కేంద్రానికి చెబుతుందట. ఇవి వచ్చాక కొండ మీది పాత వాతావరణ కేంద్రం మూసేశారు. బట్ట తడిపి, నీళ్లు పిండేసి, పరిచి, రెండు కొసలు ఆ గుంజకు కట్టి వడియాలు పెట్టాను. కాకులు రాకుండా గుంజకే నల్లగొడుగు విప్పి కట్టాను. ఏ మేడ చూసినా అదే వరస. వానవారం అనేసరికి పెట్టాలనుకోని వాళ్లు కూడా ఇవాళే మొదలుపెట్టారు.

పక్కింటి ఖాసింబీ పిట్టగోడ మీద చేతులు పెట్టి ఆకాశం వైపు చూసింది. మేము రాకముందు నుంచీ ఈ రాళ్ల మీద ఉన్న, మా వీధిని ఆనుకున్న పాత ఊరు వాళ్లది. "యాడుందక్కా మబ్బు? మా పొయ్యి పొగ తప్ప నాకేం కనపళ్లేదే" అని నవ్వింది. నవ్వుతూనే తనూ సండిగలని వాళ్లు పిలిచే వడియాల పిండి కలుపుకోవడానికి కిందికి దిగింది.

తదియ, మంగళవారం

ఎండ పూర్తి. వాన లేదు. పొద్దున మెట్లు ఇరవై ఏడే. బిందెలు పది. ఒకటి ఎక్కువైంది, పప్పు కడగడానికి.

మా ఆయన పూర్ణయ్య జలాశయం గేట్లు తెరిచి మూసే లస్కరు. ఈ మధ్యాహ్నం అన్నానికి వచ్చి, కంచంలోంచి తల ఎత్తకుండా, రెండు గేట్లు తెరిచామని చెప్పారు. కేంద్రం నుంచి ఆర్డరు వచ్చిందట. భారీ వాన రాబోతుంటే ముందుగా జలాశయం ఖాళీ చేసి చోటు చెయ్యాలట, లేకపోతే కట్టకు ముప్పట.

వాన రాకపోతేనో అని అడిగాను. వస్తుందని గోడే చెబుతోంది కదా అన్నారు. అదే ప్రశ్న మళ్లీ అడిగాను. మజ్జిగ పొయ్యమన్నారు.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదని చదివేవాళ్లకు తెలియాలి కాబట్టి లెక్క ఇక్కడ రాస్తున్నాను. ఉగాది రోజున పాలకమండలి వాళ్లు వచ్చి జలాశయంలో నీట మునిగిన మెట్లు లెక్కపెడతారు. అప్పటికి పదకొండు మెట్ల నీళ్లుంటే ఎండాకాలం ఊరంతటికీ సరిపోతాయి. పదకొండుకు తగ్గితే అందరికంటే చివర వచ్చిన తొమ్మిదో వీధిని ఎత్తి, నీళ్లున్న ఇంకో ఊరికి తరలిస్తారు. తొమ్మిదో వీధి మాది. అరవై నాలుగు ఇళ్లు. ఊరి వాడకం వారానికి రెండు మెట్లు. ఉగాది ఇంకా నాలుగు వారాలుంది. ఎనిమిది పోను పందొమ్మిది మిగలాలి. కావలసిన పదకొండు తీసేస్తే నిన్నటిదాకా మా దగ్గర ఎనిమిది మెట్లు అదనంగా ఉన్నాయి. ఇవాళ మధ్యాహ్నం నుంచి అవి పోతున్నాయి.

సాయంత్రం మేడ ఎక్కి, బట్ట తిరగేసి వెనక వైపు నీళ్లు చల్లి, ఎండిన వడియాలు ఒలిచాను. పొడి బట్ట మీంచి ఒలిస్తే అవి విరిగిపోతాయి. వీధంతా అదే పనిలో ఉంది. రేపు వాన కదా అని అందరికీ తొందర.

చవితి, బుధవారం

ఎండ పూర్తి. వాన లేదు. మెట్లు ఇరవై ఐదు. బిందెలు తొమ్మిది.

ఇవాళ పొద్దున గోడ ఏమందో మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. "నిన్న సాయంత్రం కొత్తలంక ప్రాంతంలో చెదురుమదురు జల్లులు పడ్డాయి. ముందుచూపు నిజమవుతున్నందుకు కేంద్రం సంతోషిస్తోంది. వారం మొత్తానికి రెండు వందల పది మిల్లీమీటర్లు."

జల్లులు! నిన్న సాయంత్రం నేను మేడ మీదే ఉన్నాను. నా నెత్తిన ఒక్క చినుకు పడలేదు. పెరట్లోకి వెళ్లి గ్లాసు బోర్లించి చూశాను. అందులోంచి ఒక చీమ కింద పడింది. రాబోయే దాని గురించి ఎవరైనా పొరబడవచ్చు, దానికి నేనేమీ అనను. నిన్న జరగనిది జరిగిందని నా వంటింట్లో నిలబడి నాతోనే చెబితే ఎలా ఊరుకోవడం?

కేంద్రానికి ఫోను చేశాను. తేజోవర్ధన్ అనే అధికారి మాట్లాడాడు. గొంతు చిన్న వయసుది, మర్యాదైన మనిషే. ఓపికగా విని, మీ అనుభవాన్ని మేము గౌరవిస్తామమ్మా అన్నాడు. అనుభవం కాదు బాబూ, గ్లాసు, అన్నాను. గ్లాసు ఒక చోటే ఉంటుందనీ, తమకు ప్రాంతమంతటా మూడు వేల గుల్లలు ఉన్నాయనీ చెప్పాడు. నా పేరూ వీధీ రాసుకుని, ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చాడు. నంబరు ఇచ్చాక వాళ్లకు తమ పని అయిపోయినట్టు.

ఇవాళ వాన మధ్యాహ్నానికట. అంటే పొద్దున సగం పూట ఎండ దొరుకుతుందని లెక్కవేసుకుని ఆడవాళ్లందరూ కోడి కూతకే మేడలెక్కారు. నేనూ ఎక్కాను. మిగిలిన గుమ్మడికాయ ఉంది మరి.

మధ్యాహ్నం నీడ పట్టున కూర్చుంటే కూడా చెమట్లు పోశాయి.

పంచమి, గురువారం

ఎండ పూర్తి. వాన లేదు. మెట్లు ఇరవై మూడు. బిందెలు తొమ్మిది.

వాన రాత్రికి వాయిదా పడిందట. రెండు వందల నలభై అట.

ఈ వదిలిన నీళ్లు ఎటు పోతాయో ఇవాళ మా ఆయన్ని అడిగాను. వాగులోకి, వాగులోంచి పాత ఏట్లోకి, అక్కణ్ణించి సముద్రంలోకి అన్నారు. ఏ సముద్రం అని అడగక్కర్లేదు. మా ఊళ్లను మింగింది అదే. మా అత్తగారి ఇంటి గడపా, మా పుట్టింటి కొబ్బరిచెట్లూ అడుగున ఉన్న ఆ ఉప్పునీళ్ల మీదికే, మేము బిందెలు లెక్కపెట్టి దాచుకున్న మంచినీళ్లు పోతున్నాయి.

అన్నం తిన్నాక ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆయన చెడ్డ మనిషి కాదు. ఇన్నేళ్లలో ఒక్క రోజు పనికి ఆలస్యంగా వెళ్లలేదు. అదే ఈ వారం నాకు కడుపుమంటగా ఉంది.

"పొద్దున్నించి సాయంత్రం దాకా కట్ట మీద ఉంటారు కదా, ఒక్కసారైనా పైకి చూశారా?" అన్నాను.

"చూడ్డం నా పని కాదు, నాంచారీ. దానికి కేంద్రం ఉంది. తెరవమంటే తెరుస్తా, మూయమంటే మూస్తా."

"ఉగాదికి మెట్లు తగ్గితే సామాను సర్దాల్సింది కేంద్రమా, నేనా?"

ఆయన కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయారు. మా అత్తగారు మంచం మీంచి అంతా విన్నారు. ఆవిణ్ణి ఇప్పటికి రెండు సార్లు తరలించారు. మొదట లంక నుంచి కరకట్ట మీది గుడారాల్లోకి, తర్వాత అక్కణ్ణించి ఇక్కడికి. గుడారాల్లో మా మామగారు పోయారు. ఆవిడ తన చిన్న ఇనప పెట్టె తెరిచి అందులోవి ఒక్కొక్కటే తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నారు. నాకు అరుపులకంటే అదే కష్టంగా అనిపించింది.

షష్ఠి, శుక్రవారం

ఎండ పూర్తి. వాన లేదు. మెట్లు ఇరవై ఒకటి. బిందెలు తొమ్మిది. ఇవాళ చాలా రాయాలి.

పొద్దున ఆఖరి వాయి వడియాలు పెట్టి గొడుగు కడుతుంటే ముడి జారి గొడుగు ఎగిరిపోయింది. దాని వెంట పిట్టగోడ దాకా పరుగెత్తాను. కింద వంటింట్లో గోడ, ఇంటి మీద వాతావరణం మారినప్పుడల్లా చెప్పే అలవాటు కొద్దీ, ఏదో చెబుతోంది. మా అత్తగారు మెట్ల దగ్గరకు వచ్చి కేక వేశారు.

"ఏమేవ్, మన ఇంటి మీద మబ్బు విచ్చుకుందంట."

పొద్దున్నించీ లేని మబ్బు ఎలా విచ్చుకుంటుందని విసుక్కుంటూ గొడుగు తెచ్చి మళ్లీ గుంజకు కట్టాను. రెండు నిమిషాలకు మళ్లీ కేక.

"మళ్లీ కమ్ముకుందంట."

గుంజ వైపు చూశాను. గొడుగు నీడ సరిగ్గా ఆ తెల్ల డబ్బా మీద పడుతోంది. గొడుగు తీసేశాను. కింద నుంచి, "విచ్చుకుందంట" అన్నారు అత్తగారు. కట్టాను. "కమ్ముకుందంట. ఏం చేస్తున్నావే పైన?" అన్నారు. మూడు సార్లు చేసి మూడు సార్లూ రాసుకున్నాను. ఆ తర్వాత, వడియాలు ఒలిచేటప్పుడు చల్లినట్టే, గుంజకు కట్టిన బట్ట కొస మీద చేత్తో నీళ్లు చల్లాను.

"చినుకులు మొదలయ్యాయంట" అని అత్తగారు. కాసేపాగి, "బట్టలు తియ్యనా?" అని అడిగారు.

నేను మేడ మధ్య చతికిలబడ్డాను. చుట్టూ చూశాను. కనుచూపు మేర ప్రతి మేడ మీదా తడి బట్ట, ప్రతి గుల్ల మీదా నల్లగొడుగు. తొమ్మిదో వీధే కాదు, ఊరంతా, పక్క ఊళ్లూ, ప్రాంతమంతా. ఫాల్గుణం కదా. సోమవారం మేము పెట్టిన వడియాలు వానయ్యాయి. వాన అన్నందుకు అందరం ఇంకా ఎక్కువ పెట్టాం. ఎక్కువ పెట్టినందుకు వాన పెరిగింది. మంగళవారం సాయంత్రం పడిన జల్లులు మా చేతుల్లోంచి పడినవే.

నా మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎంతసేపు ఉందో కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. మెట్లు దిగేంతసేపు ఉంది. కింద అడుగుపెట్టేసరికి అసలు కోపం వచ్చింది. మా మేడ మీద, మాకు ఎండ బాగా తగిలే చోట, మమ్మల్ని ఒక్క మాట అడగకుండా గుంజ పాతింది ఎవరు? ఇక్కడ ఏ నెలలో ఏం చేస్తారని ఒక్క ఇంట్లోనైనా అడిగారా? కొండ మీద పాత కేంద్రం ఉన్నప్పుడు దాన్ని చూసుకునే ముసలాయన రోజుకు రెండుసార్లు బయటికి వచ్చి తలెత్తి చూసేవాడు. ఆ ఒక్క పని ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు.

కేంద్రానికి మళ్లీ ఫోను చేశాను. అదే తేజోవర్ధన్. జరిగింది జరిగినట్టు, ఏ వరసలో చేశానో ఆ వరసలో చెప్పాను.

"ఒక్క ఇంటి వల్ల ఏమీ కాదమ్మా. తేడాలుంటే సగటులో సర్దుకుంటాయి. మూడు వేల ఇళ్లు ఒకే రోజు పొరబడతాయా?"

"ఒకే రోజు వడియాలు పెడతాయి బాబూ."

"వడియాలంటే ప్యాకెట్లో వస్తాయి కదమ్మా" అన్నాడు.

ఎండలో పెడతారనీ, తడి బట్ట మీద పెడతారనీ, కాకులుంటాయనీ మొదటి నుంచి చెప్పాను. పాపం విన్నాడు. చివరికి, ఇది పరిశీలించదగ్గ విషయమే, రాతపూర్వకంగా పంపండి, ఏడు పనిదినాల్లో కమిటీ చూస్తుంది అన్నాడు. ఈలోగా గేట్లు మూయించమన్నాను. ముందుచూపు మారకుండా గేటు ఆర్డరు మారదట. ఏడు పనిదినాలకు జలాశయంలో ఏడు మెట్లు ఉంటాయి. ఆ ముక్క కూడా చెప్పాను. ఇంకో నంబరు ఇచ్చాడు.

సప్తమి, శనివారం

ఎండ పూర్తి. వాన లేదు. పొద్దున మెట్లు పందొమ్మిది.

పొద్దున్నే అరవై నాలుగు ఇళ్లకూ వెళ్లాను. ఖాసింబీ నాకు తోడు వచ్చింది. ప్రతి ఇంట్లో గొడుగు తీయించి, గోడ ఏమంటుందో వినిపించాం. వేరే రుజువు అక్కర్లేకపోయింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, ఒకావిడ రుబ్బిన పిండి ఏం చెయ్యాలని నన్ను నిలదీసింది. అట్లు పోసుకోమన్నాను. పది గంటలకల్లా తొమ్మిదో వీధి మేడల మీద ఒక్క గొడుగు లేదు, తడి బట్ట లేదు. మా వీధి గోడలన్నీ నిర్మలమైన ఆకాశం అన్నాయి.

గేట్లు మాత్రం మా వీధి మాట వినవు. ప్రాంతమంతటి సగటు వింటాయి. అది ఇంకా రెండు వందల నలభై మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. మిగతా ఊళ్లలో చుట్టాలున్న వాళ్లందరి చేతా ఫోన్లు చేయించాను. కొందరు తీస్తామన్నారు, కొందరు మా మాట నమ్మలేదు. మధ్యాహ్నానికి పద్దెనిమిదిన్నర.

లెక్క మళ్లీ వేశాను. ఉగాదికి పదకొండు ఉండాలంటే ఈ సాయంత్రానికి కనీసం పదిహేడూ ముప్పావు ఉండాలి. రేపు పొద్దున మూస్తే చాలదు. ఇవాళ సాయంత్రమే మూయాలి.

నాలుగింటికి కట్ట మీదికి బయలుదేరాం. నలభై ఒక్కమంది వచ్చారు. ఎవరినీ బలవంతం చెయ్యలేదు. మా అత్తగారిని ఇంట్లో ఉండమంటే వినలేదు. ఖాసింబీ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని నడిపించాం. మధ్యలో రెండు సార్లు కూర్చున్నారు.

మా ఆయన గేటుగది బయట నిలబడి ఉన్నారు. ఇంతమందిని చూసి మొహం పాలిపోయింది. నేను అరవలేదు. నిన్న జరిగింది చెప్పాను, ఇవాళ ఇంటింటా విన్నది చెప్పాను, పదిహేడూ ముప్పావు సంగతి చెప్పాను. ఆయన అంతా విని, ఆర్డరు లేకుండా మూస్తే ఉద్యోగం పోతుందన్నారు. నిజమే, పోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. వాన వచ్చి కట్ట తెగితే ఎవరు జవాబు చెబుతారని అడిగారు. అది కూడా తీసిపారేయాల్సిన మాట కాదు.

మా అత్తగారు గేటు తిప్పే చక్రం పక్కన అరుగు మీద కూలబడి ఉన్నారు. ఆయాసం తగ్గాక కొడుకు వైపు చూశారు.

"పూర్ణా, ఈసారి నన్ను ఎక్కడికి తీసుకుపోతావురా?"

ఆయన చాలాసేపు తల్లి వైపు చూశారు. తర్వాత తలెత్తి చూశారు. ఆయన మెడ వెనక్కి వాల్చి ఆకాశం చూడడం ఈ వారంలో అదే మొదటిసారి. తూర్పు నుంచి పడమర దాకా, దక్షిణాన కొండల మీద దాకా, నింపాదిగా, నేను బియ్యంలో రాళ్లు చూసినట్టు చూశారు. నీలం తప్ప ఏమీ లేదు. ఒక గద్ద తిరుగుతోంది.

ఆయన లోపలికి వెళ్లి మోటారుకూ చక్రానికీ మధ్య ఉన్న మేకు ఊడబీకారు. చక్రం చేత్తో తిప్పడం మొదలుపెట్టారు. పన్నెండేళ్లుగా ఎవరూ చేత్తో తిప్పలేదట, బిగుసుకుపోయి ఉంది. ఖాసింబీ చీరచెంగు నడుముకు దోపుకుని ఇంకో వైపు పట్టుకుంది. తర్వాత ఇంకో నలుగురు. తెరిచిన గేట్లు రెండు. రెండోది మూతపడేసరికి పొద్దు వాలుతోంది. వాగులో చప్పుడు ఆగిపోయాక చెవులు గుయ్యిమన్నాయి. దిగి మెట్లు లెక్కపెట్టాను. పద్దెనిమిది.

గేటుగదిలో ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. గేటు కదిపిన ప్రతిసారీ వేళా కారణమూ రాయాలి. మంగళవారం నుంచీ కారణం గడిలో ఆయన గుండ్రటి అక్షరాలతో 'ముందుచూపు ప్రకారం' అని రాసి ఉంది. ఆయన కలం పట్టుకుని కాసేపు ఆలోచించారు. తర్వాత రాశారు.

'కారణం: ఆకాశం చూశాను.'

అష్టమి, ఆదివారం

ఎండ పూర్తి. వాన లేదు. మెట్లు పద్దెనిమిదికి కొంచెం తక్కువ. బిందెలు ఎనిమిది.

గోడ ఇవాళ ఎర్రటి వెలుగు చూపించి, లస్కరు పూర్ణయ్యను విధుల నుంచి తాత్కాలికంగా తప్పించారనీ, రేపు విచారణ అనీ చదివింది. అదే పెళ్లిపిలుపు గొంతు. మా ఆయన అది చదివినంతసేపూ విని, లేచి వెళ్లి పాదుల్లో కోళ్లు తవ్విన గుంతలు పూడ్చారు. సెలవు రోజు ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

విచారణ దాకా గేట్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచమన్నారట. అది ఒక్కటి మేలు.

నవమి, సోమవారం

ఎండ పూర్తి. వాన లేదు. మెట్లు పదిహేడున్నర.

విచారణ కట్ట మీదే జరిగింది. అధికారిగా వచ్చింది తేజోవర్ధన్. ఫోనులో అనుకున్నదానికంటే ఇంకా చిన్నవాడు. గేటు పుస్తకం తెరిచి ఆ గడి చూపించి, 'ఆకాశం చూశాను' అనేది నియమావళిలో ఉన్న కారణాల్లో లేదని చెప్పాడు. మా ఆయన లేదని ఒప్పుకున్నారు. చూసినట్టు సాక్ష్యం ఉందా అని అడిగాడు.

నేను ముందుకు వెళ్లాను. ఆ వేళ మీరు ఏం చూశారమ్మా అని అడిగాడు. ఎండ, అన్నాను. రాసుకున్నాడు. నా వెనక ఖాసింబీ నిలబడింది. ఎండ, అంది. ఆమె వెనక ఇంకొకరు. నలభై ఒక్కమందీ వరసలో వచ్చారు. ఒక్కరు కూడా రెండో మాట మాట్లాడలేదు. పదిహేను మంది అయ్యాక అందరిదీ కలిపి రాసుకోవచ్చా అని అడిగాడు. వద్దు బాబూ, విడివిడిగా రాయండి, మీకు సగటులో సర్దేసే అలవాటుంది అన్నాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు గానీ విడివిడిగానే రాశాడు.

ఆఖరున మా అత్తగారి వంతు. "నాకు చూపు ఆనదు నాయనా. నెత్తి మాడింది. రాసుకో" అన్నారు.

కాగితం అడుగున విచారణాధికారి స్వయంగా గమనించినది అని ఒక గడి ఉంది. అక్కడికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది. చుట్టూ చూశాడు. మా మొహాలు చూశాడు, నీళ్లు చూశాడు. ఎండకు కళ్లు చిట్లించి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. ఏం రాశాడో నాకు కనబడలేదు. రాసి, సంతకం పెట్టి, గేటుగది తాళంచెవులు మా ఆయన చేతికిచ్చాడు. కొత్త ఆర్డరు వచ్చేదాకా మూసే ఉంచమన్నాడు. ఉగాదికి ఎన్ని మెట్లు ఉంటాయో నన్నే అడిగాడు. పదకొండూ, ఇంకో రెండు వేళ్లు, అన్నాను.

పాలకమండలికి నివేదికలో తొమ్మిదో వీధి వాళ్లు గుల్లల పనికి అడ్డం కలిగించారని రాయక తప్పదని వెళ్లేముందు మెల్లగా చెప్పాడు. మేడ మాది, ఎండ అందరిది, అడ్డం వచ్చింది మీ గుంజ అని రాయండి అన్నాను. రాస్తాడో లేదో తెలియదు.

ఇంటికి వచ్చి ఈ వారం లెక్క తేల్చాను. పోయిన సోమవారం ఇరవై ఏడు, ఇవాళ పదిహేడున్నర. పోయినవి తొమ్మిదిన్నర. అందులో రెండు ఊరు తాగింది. ఏడున్నర మెట్ల మంచినీళ్లు సముద్రంలో కలిశాయి. విచారణలో లస్కరు ఎందుకు మూశాడని అడిగారు గానీ, ఎవరు ఎందుకు తెరిపించారని ఒక్కరూ అడగలేదు. నేను అడుగుతాను. కేంద్రానికి వెళ్లే బండి రేపు పొద్దున ఆరింటికి. పందొమ్మిది పుస్తకాలూ సంచీలో సర్దాను. ఖాసింబీ కూడా వస్తానంది.